హిప్‌హాప్ బీట్ ఏ శ్రుతిలో ఉందో కనుక్కోవడం ఎలా?

మీ దగ్గర ఒక బీట్, అంటే పాడటానికి సిద్ధంగా ఉన్న వాద్య సంగీతం, ఉంది. చరణాలు రాసుకున్నారు, తాళానికి పదాలు కుదిరాయి. మాటగా చెప్పుకుపోతున్నంతసేపు ఏ ఇబ్బందీ లేదు. హుక్ దగ్గర, అంటే మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి దగ్గర, గొంతు రాగంలోకి దిగగానే ఏదో తేడాగా వినిపిస్తుంది. తప్పిందని తెలుస్తుంది, ఎక్కడ తప్పిందో తెలియదు. గొంతును స్వరానికి సరిచేసే ఆటోట్యూన్ సాఫ్ట్‌వేర్ పెడితే మరింత వికటిస్తుంది. అప్పుడు చాలామంది లోపం తమ గొంతులో ఉందనుకుని దిగులుపడతారు. గొంతు బాగానే ఉంటుంది. బీట్ ఏ శ్రుతిలో ఉందో చూసుకోకుండా పాడటం వల్ల వచ్చిన చిక్కు అది.

కచేరీలో పాట కంటే ముందు తంబుర మొదలవుతుంది. బీట్‌లో తంబుర మోగదు గానీ సా మాత్రం ఉంటుంది. దాన్ని మనమే వెతుక్కోవాలి. సంగీతం నేర్చుకోని వాళ్లు కూడా ఈ పని చేయగలరు. ఒక గంట ఓపిక, తీగ ఉన్న ఇయర్‌ఫోన్లు, ఫోనులో ఉచితంగా దొరికే ఒక పియానో యాప్, ఒక కాగితం ఉంటే చాలు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు ఈ పనికి వద్దు. మెట్టు నొక్కిన కాసేపటికి శబ్దం వస్తుంది, ఆ ఆలస్యం చెవిని తికమక పెడుతుంది. ఇంట్లో పాత హార్మోనియం ఉంటే దాని మీద చూడాలని మనసు లాగుతుంది. అయితే పాత హార్మోనియాలు చాలావరకు నేటి ప్రమాణమైన 440 హెర్ట్జ్‌కు (ఎ స్వరానికి సెకనుకు 440 కంపనాలు) సరిపోవు. ముందు ట్యూనర్ యాప్‌తో సరిచూసుకుని వాడండి.

కీ, స్కేల్ అంటే

కీ అంటే బీట్ నిలబడిన సా. స్కేల్ అంటే ఆ సా నుంచి లెక్కపెడితే బీట్‌లో దొరికే మిగతా స్వరాల వరుస. మనవాళ్లు శ్రుతిని అంకెల్లో చెబుతారు. సి ఒకటో శ్రుతి, సి షార్ప్ ఒకటిన్నర, డి రెండు, డి షార్ప్ రెండున్నర, ఇ మూడు, ఎఫ్ నాలుగు, ఎఫ్ షార్ప్ నాలుగున్నర, జి ఐదు, జి షార్ప్ ఐదున్నర, ఎ ఆరు, ఎ షార్ప్ ఆరున్నర, బి ఏడు. కాబట్టి ఫైలు పేరులో 'సి మైనర్' అని ఉంటే ఒకటో శ్రుతిలో నటభైరవి స్వరాలని అర్థం. రాగం అనడం లేదు, గమనించండి. రాగానికి గమకాలు, ప్రయోగాలు, దానికంటూ ఒక నడక ఉంటాయి. బీట్‌లో ఉండేది స్వరస్థానాలు మాత్రమే. వాటిని గుర్తుపెట్టుకోవడానికి మేళకర్తల (కర్ణాటక సంగీతంలో ఏడు స్వరాల మూల రాగాల) పేర్లంత వీలైనవి నాకు కనబడలేదు కాబట్టి ఇక్కడ వాటినే వాడుతున్నాను.

పియానో మీద పక్కపక్కనే ఉన్న రెండు మెట్ల మధ్య దూరం ఒక సెమీటోన్. అవి తెల్లవైనా నల్లవైనా లెక్క ఒకటే. సా నుంచి ఒక సెమీటోన్ పైన రి1, రెండు పైన రి2, మూడు పైన గ2, నాలుగు పైన గ3, ఐదు పైన మ1, ఆరు పైన మ2, ఏడు పైన ప, ఎనిమిది పైన ధ1, తొమ్మిది పైన ధ2, పది పైన ని2, పదకొండు పైన ని3, పన్నెండో మెట్టు మీద పై స్థాయి సా. ఈ లెక్కను కాగితం మీద ఒక మూల రాసి పెట్టుకోండి, ఇకపై పనంతా దీనితోనే.

ముందు సా పట్టుకోండి

బీట్‌లో ఒకే లూప్ నాలుగు బార్లకో ఎనిమిది బార్లకో (మామూలుగా నాలుగు దెబ్బలు ఒక బార్) తిరిగి వస్తూ ఉంటుంది. ఆ ముక్కను మాత్రం కత్తిరించి, ఆగకుండా తిరిగేలా పెట్టండి. మొదటి మూడు నాలుగు నిమిషాలు పియానో జోలికి వెళ్లకండి, ఊరికే వినండి. తరువాత నోరు మూసుకుని కూనిరాగం తీయండి. పదాలు వద్దు, పాట వద్దు, గొంతు ఎటు పోతే అటు పోనివ్వండి. మధ్యలో బీట్‌ను ఉన్నట్టుండి ఆపేయండి. ఆ నిశ్శబ్దంలో మీ గొంతు ఏ స్వరం మీదకు దిగి హాయిగా ఆగుతుందో చూడండి. ఇల్లు చేరినట్టు అనిపించే స్వరం ఒకటి ఉంటుంది. దాన్ని వదలకుండా పట్టుకుని, పియానో మీద ఒక్కో మెట్టు నొక్కుతూ అది దొరికేదాకా వెళ్లండి.

దొరికిన స్వరాన్ని ఒకసారి పరీక్షించాలి. బీట్ మళ్లీ మొదలుపెట్టి, ఆ ఒక్క స్వరాన్నే తంబురలా లూప్ పొడవునా పలికించండి. మధ్యలో ఎక్కడైనా కాస్త ఘర్షణ పడవచ్చు, ఫరవాలేదు. లూప్ మొదటి దెబ్బకు తిరిగి వచ్చిన ప్రతిసారీ ఆ స్వరం ఒదిగిపోతే అది సా అయ్యే అవకాశం చాలా ఎక్కువ. మొదటి దెబ్బ దగ్గరే గుచ్చుకుంటే అది సా కాదు, మళ్లీ వెతకండి.

చిన్నప్పటి నుంచి గుడిలో నాదస్వరం, దాని వెనక శ్రుతి, ఇంట్లో భజన పాటలు విని పెరిగిన వాళ్లకు ఈ పని అనుకున్నదానికంటే సులువుగా వస్తుంది. ఒక స్వరం ఆధారంగా నిలిచి, మిగతావన్నీ దాని చుట్టూ తిరగడం మన చెవికి అలవాటైన విషయమే. అందుకే కీ చెప్పే యాప్ కంటే ముందు చెవిని అడగమంటున్నాను.

బేస్ చెప్పే సాక్ష్యం

చెవి చెప్పినదానికి బేస్ నుంచి రుజువు తెచ్చుకోవాలి. ఈనాటి బీట్లలో బేస్ అంటే ఎక్కువగా 808. రోలండ్ సంస్థ 1980లో తెచ్చిన టీఆర్-808 డ్రమ్ యంత్రంలోని కిక్ శబ్దం పేరు అలాగే నిలిచిపోయింది. ఆ కిక్‌కు పొడవాటి తోక ఉంటుంది. ఆ తోకనే వేర్వేరు స్వరాలకు మార్చి బేస్‌గా వాయిస్తారు. దెబ్బ పడిన క్షణంలో శబ్దం పై నుంచి కిందికి జారుతుంది కాబట్టి ఆ మొదటి 'ఢం' మీద స్వరం పట్టుకోబోతే దొరకదు. తోక నిలకడగా సాగే చోట వినండి.

ఇంకో చిక్కు ఉంది, ఇది చాలామందిని మోసం చేస్తుంది. 808 పలికే అడుగు స్వరాల కంపనాలు చాలా తక్కువ. ఇ అయితే 41.2 హెర్ట్జ్, ఎఫ్ 43.7, జి 49, ఎ 55. ఫోను స్పీకరు అంత కిందికి దిగలేదు. అయినా బేస్ వినిపిస్తున్నట్టే ఉంటుంది. ఎందుకంటే ప్రొడ్యూసర్లు, అంటే బీట్ తయారుచేసేవారు, 808కు డిస్టార్షన్ (శబ్దాన్ని కావాలని గరుకు చేయడం) కలుపుతారు, దానివల్ల అసలు స్వరానికి మూడు రెట్ల కంపనం ఉన్న పై స్వరం గట్టిగా మోగుతుంది. 41.2ను మూడుతో గుణిస్తే దాదాపు 123.6, అంటే బి. ఇ సా అయితే బి దానికి పంచమం. అంటే చిన్న స్పీకరులో సా మునిగిపోయి పంచమం తేలుతుంది. ఫోను స్పీకరు మీద వింటూ పంచమాన్నే సా అనుకోవడం అందుకే జరుగుతుంది. ఇయర్‌ఫోన్లు తప్పనిసరి అన్నది కూడా ఇందుకే.

కంప్యూటర్ మీద పనిచేస్తున్నవారు బీట్‌ను ఒకటి లేదా రెండు స్థాయిలు పైకి జరిపి వింటే బేస్ స్వరాలు స్పష్టంగా చెవికి అందుతాయి. లేదా ఏ కంపనం ఎంత గట్టిగా ఉందో గీతగా (స్పెక్ట్రమ్) చూపే ప్లగిన్, అంటే సాఫ్ట్‌వేర్‌లో చేర్చే పనిముట్టు, పెట్టి అన్నిటికంటే ఎడమవైపు లేచే శిఖరం ఎన్ని హెర్ట్జ్ దగ్గర ఉందో చూడండి. వోక్సెంగో వాళ్ల స్పాన్ ఉచితం, మౌస్ పెట్టిన చోట స్వరం పేరు కూడా చెబుతుంది. లూప్‌లో బేస్ ఎన్ని స్వరాలు మారుతుందో, ఏది మొదటి దెబ్బ మీద పడుతుందో, ఏది ఎక్కువసేపు ఉంటుందో వరుసగా రాసుకోండి. మీరు కూనిరాగంలో పట్టుకున్న సా, మొదటి దెబ్బ మీది బేస్ స్వరం ఒకటే అయితే సగానికి పైగా పని అయిపోయినట్టే.

బేస్ మీద గొంతు, తీగలు, గంటలు ముసురుకుని ఏమీ తేలకపోతే ట్రాక్‌ను విడదీసే పనిముట్లు ఉన్నాయి. డీజర్ సంస్థ 2019లో ఉచితంగా విడుదల చేసిన స్ప్లీటర్, మెటా పరిశోధకుల డెమక్స్ ఇలాంటివే. బేస్‌ను విడిగా, డ్రమ్స్‌ను విడిగా ఇస్తాయి. డ్రమ్స్ తీసేసి వింటే సగం గందరగోళం పోతుంది. స్నేర్‌కు కూడా ఒక స్వరం ఉన్నట్టే వినిపిస్తుంది, అది బీట్ శ్రుతికి కట్టుబడి ఉండాలని లేదు.

మిగతా స్వరాలు ఏరుకోవడం

ఇప్పుడు పియానో మధ్య స్థాయిలో సా నుంచి మొదలుపెట్టి పన్నెండు మెట్లూ ఒక్కొక్కటిగా లూప్ మీద వాయించండి. ఒక్కో మెట్టును లూప్ మొత్తం నొక్కి ఉంచండి. కొన్ని ఎక్కడా అడ్డు తగలవు. కొన్ని వస్తూ పోతూ ఉంటే బాగుంటాయి, నిలబడితే బాగుండవు. కొన్ని పంటి కింద రాయిలా తగులుతాయి. మొదటి రెండు రకాలకూ కాగితం మీద టిక్కు పెట్టండి, మూడో రకాన్ని కొట్టేయండి. అనుమానంగా ఉన్నచోట ప్రశ్న గుర్తు పెట్టి ముందుకు సాగండి.

తరువాత బీట్‌లోని ప్రధాన వరుసను, అంటే గంటలో, పియానోనో, వేణువో వాయించే ఆ చిన్న ముక్కను ఒక్కో స్వరంగా పియానో మీద దింపండి. మొదటి స్వరం దొరికితే తరువాతది పైకి పోయిందా, కిందికి వచ్చిందా అని మాత్రం చూసుకుంటూ వెళ్లండి. ఇది నిదానంగా సాగే పని. అయితే పన్నెండు మెట్ల పరీక్షలో వచ్చిన అనుమానాలను తీర్చేది ఇదే.

ఇప్పుడు టిక్కులను చూడండి. ముందుగా తేల్చవలసింది గాంధారం. సా నుంచి మూడో సెమీటోన్ మీద గ2 ఉంటే మైనర్ కుటుంబం, నాలుగో సెమీటోన్ మీద గ3 ఉంటే మేజర్ కుటుంబం. హిప్‌హాప్‌లో, అందులోనూ 808 బరువుగా మోగే ట్రాప్ శైలి బీట్లలో మీకు ఎక్కువగా గ2 తగులుతుంది.

గ2 ఉన్నాక మిగతా మూడు స్వరాలను అడగండి. రి2, ధ1, ని2 ఉంటే అది మామూలు మైనర్, మన నటభైరవి. అన్నీ అలాగే ఉండి నిషాదం మాత్రం ని3 అయితే హార్మోనిక్ మైనర్, కీరవాణి. ధైవతం మాత్రం ధ2 అయితే డోరియన్, ఖరహరప్రియ. డెబ్బైల నాటి సోల్, ఫంక్ (అమెరికా నల్లజాతి సంగీత శైలులు) రికార్డుల నుంచి శాంపిల్, అంటే ముక్క, తీసుకున్న బీట్లలో ఈ ధ2 తరచుగా కనిపిస్తుంది, అక్కడ నటభైరవి అనుకుని ధ1 పాడితే చెవికి నొప్పి. రిషభం రి1 అయితే ఫ్రీజియన్, హనుమతోడి. చీకటిగా, బెదిరింపుగా వినిపించాలనుకున్న బీట్లకు రి1 చాలా ఇష్టమైన స్వరం. సా మీద బరువుగా నిలిచి, ఒక్క సెమీటోన్ పైకి లేచి, మళ్లీ సా మీద పడుతుంది. ఆ ఒక్క కదలిక చాలు బీట్ మొహం మారిపోవడానికి. రి, ధ రెండూ వినిపించకుండా స, గ2, మ1, ప, ని2 మాత్రమే తిరుగుతుంటే మైనర్ పెంటటానిక్, శుద్ధ ధన్యాసి స్వరాలు.

గ3 ఉండి రి1 కూడా ఉంటే సంగతి ఆసక్తికరంగా ఉంటుంది. సరళీ స్వరాలు నేర్చుకున్నవారికి మాయామాళవగౌళ నోటికి వచ్చు కదా. అందులో ని3ని ఒక సెమీటోన్ దించి ని2 చేసి పాడండి. అది వకుళాభరణం, ప్రొడ్యూసర్లు ఫ్రీజియన్ డామినెంట్ అనేది దీన్నే. అరబ్బు, స్పెయిన్ వాసన కోరుకునే బీట్లలో ఇది కనిపిస్తుంది. దీని మీద మనవాళ్లు పాడితే ఇంట్లో తిరిగినంత సహజంగా ఉంటుంది. గ3తో పాటు రి2, మ1, ధ2 ఉండి నిషాదం ని3 అయితే శంకరాభరణం, అంటే మేజర్. ని2 అయితే హరికాంభోజి, మిక్సోలిడియన్.

కొన్ని బీట్లలో గ2, గ3 రెండూ మోగుతాయి. మీ చెవి తప్పు వినడం లేదు. బ్లూస్ నుంచి వచ్చిన అలవాటు అది. ఫంక్ గిటార్ వాద్యంలో రెండూ ఒకే కార్డ్‌లో, అంటే కలిపి మోగే స్వరాల గుత్తిలో, ఉండటం మామూలే. అలాంటి చోట ఏదో ఒక పేరు బలవంతంగా తగిలించవద్దు. గొంతును గ2 వైపు ఉంచండి, అదే అందంగా ఉంటుంది. ఇంకొన్ని బీట్లలో స, ప తప్ప ఏమీ ఉండదు. అప్పుడు మీ గాంధారమే బీట్ స్వభావాన్ని నిర్ణయిస్తుంది. అది పెద్ద స్వేచ్ఛ, ఆలోచించి వాడుకోండి.

ఒక బీట్ నేర్పిన పాఠం

ఒక ప్రొడ్యూసర్ పంపిన బీట్ ఫైలు పేరులో 'ఎ మైనర్, 140' అని ఉంది. 140 అంటే వేగం, నిమిషానికి అన్ని దెబ్బలు. నమ్మాను. ఆరో శ్రుతిలో నటభైరవి స్వరాలు తీసుకుని, ఎ మీద వచ్చి ఆగేలా హుక్ అల్లుకున్నాను. ఒక్క స్వరం కూడా తప్పు కాదు, అయినా ప్రతిసారీ చివరి పదం గాలిలో వేలాడుతున్నట్టు ఉండేది. మాట అయిపోయింది, పాట అయిపోలేదు. ఇరవైసార్లకు పైగా రికార్డు చేశాను. గొంతు మార్చాను, పదం మార్చాను. మర్నాడు పొద్దున్నే బేస్‌ను మాత్రం విడదీసి విన్నాను. నాలుగు బార్ల లూప్. మొదటి బార్‌లో ఇ, రెండో బార్‌లోనూ ఇ, మూడో బార్‌లో సి, నాలుగో బార్‌లో ఎఫ్ మీద పడి, చివరన జారి మళ్లీ ఇ. ఎ అన్న స్వరం బేస్‌లో ఎక్కడా లేదు. పైన గంటలు బి, సి, బి, జి అని తిరిగి, ఎ, జి, ఎఫ్, ఇ అని మెట్లు దిగుతున్నాయి. అంతా ఇ దగ్గరకే చేరుతోంది.

అంటే సా ఇ. మూడో శ్రుతి. ఇ నుంచి లెక్కపెడితే ఎఫ్ రి1, జి గ2, ఎ మ1, బి ప, సి ధ1, డి ని2. హనుమతోడి స్వరాలు. నేను మధ్యమం మీద ఆగి దాన్ని షడ్జమం అనుకుంటున్నాను. హుక్ చివరి పదాన్ని ఎఫ్ మీద ఒక క్షణం నిలిపి ఇ మీదకు దించాను. బేస్ కూడా అదే సమయానికి ఎఫ్ నుంచి ఇకి జారుతుంది కాబట్టి గొంతు, బేస్ రెండూ కలిసి దిగాయి. మూడోసారికే రికార్డింగ్ అయిపోయింది.

ఈ బీట్‌లో స్వరాలన్నీ పియానో తెల్లమెట్లే. సి నుంచి సి దాకా తెల్లమెట్లు వాయిస్తే శంకరాభరణం. అవే మెట్లు డి నుంచి వాయిస్తే ఖరహరప్రియ, ఇ నుంచి హనుమతోడి, ఎఫ్ నుంచి కల్యాణి, జి నుంచి హరికాంభోజి, ఎ నుంచి నటభైరవి. మన సంగీతంలో గ్రహభేదం అనేది ఇదే. మెట్లు మారలేదు, సా మారింది, రాగమే మారిపోయింది. సి మేజర్, ఎ మైనర్ రెండింటికీ స్వరాలు ఒకటే కదా, ఏదైతేనేం అని కొందరు అంటారు. ఆటోట్యూన్‌కు ఏదైనా ఒకటే, నిజమే. హుక్ ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి, ఏ స్వరం మీద బరువు వేయాలి అన్నవి మాత్రం సా ఏదో తెలియకపోతే కుదరవు. ఈ పనిలో నేను అన్నిటికంటే ముఖ్యమని నమ్మేది ఇదే. స్వరాల జాబితా ఏ యాప్ అయినా ఇస్తుంది. ఆ స్వరాల్లో ఇల్లు ఏదో వినవలసింది మీరు.

రెండు మెట్ల మధ్య ఇరుక్కున్న బీట్లు

ఒక్కోసారి పియానో మీద ఏ మెట్టూ కుదరదు. ఇ తక్కువ, ఎఫ్ ఎక్కువ అనిపిస్తుంది. ముఖ్యంగా తొంభైల న్యూయార్క్ శైలి బీట్లలో, వాటిని అనుసరించిన కొత్త బీట్లలో ఇది ఉంటుంది. దీని వెనక కథ తెలిస్తే ఆ బీట్ల మీద గౌరవం పెరుగుతుంది.

హిప్‌హాప్ పుట్టింది రికార్డుల మీద. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ రెండు టర్న్‌టేబుళ్లతో నడిపిన వేడుకను దాని పుట్టినరోజుగా చెప్పుకుంటారు. తరువాత శాంపిలర్లు, అంటే శబ్దపు ముక్కలను దాచుకుని వాయించే యంత్రాలు, వచ్చాయి. 1987లో వచ్చిన ఈ-ము ఎస్‌పీ-1200లో మొత్తం కలిపి దాదాపు పది సెకన్ల శబ్దమే పట్టేది. అందుకని ప్రొడ్యూసర్లు ఒక ఉపాయం కనిపెట్టారు. నిమిషానికి 33⅓ చుట్లు తిరగవలసిన రికార్డును 45 మీద వేగంగా తిప్పి, ఆ కురచ ముక్కను యంత్రంలోకి ఎక్కించి, లోపల మళ్లీ కిందికి దించేవారు. లెక్క చూడండి. 45ను 33⅓తో భాగిస్తే 1.35. శ్రుతిలో చెప్పాలంటే ఐదు సెమీటోన్లు, పైన మరో 20 సెంట్లు. సెంటు అంటే సెమీటోన్‌లో నూరో వంతు. దించేటప్పుడు సరిగ్గా ఐదు సెమీటోన్లు దించితే ఆ 20 సెంట్లు మిగిలిపోతాయి. డీజేలు వాడే టర్న్‌టేబుల్ మీద వేగం ఎనిమిది శాతం అటూ ఇటూ జరిపే మీట ఉంటుంది, ఎనిమిది శాతం పెంచితే శ్రుతి ఒక సెమీటోన్ దాటి ఇంకో మూడో వంతు పెరుగుతుంది. అసలు రికార్డు చేసిన వాద్యబృందమే 440కి శ్రుతి చేసుకుందో లేదో. ఇన్ని చేతులు మారి వచ్చిన స్వరం పియానో మెట్టు మీద కచ్చితంగా నిలవకపోవడం సహజం.

ఈ రోజుల్లో కూడా బీట్ వేగం పెంచితే శ్రుతి కదలవచ్చు. శ్రుతిని కాపాడే పద్ధతి వాడకుండా 90 బీపీఎం (నిమిషానికి దెబ్బలు) బీట్‌ను 95కి పెంచితే దాదాపు 94 సెంట్లు పైకి పోతుంది. ఫైలు పేరులోని కీ పాత వేగానికి చెందినదైతే ఇప్పుడు తప్పే.

దీన్ని కొలవడం కష్టం కాదు. లూప్‌లో ఏదైనా ఒక స్వరం స్పష్టంగా నిలిచే చోట ట్యూనర్ యాప్ పెట్టండి. ఇ కంటే 20 సెంట్లు ఎక్కువ అని చూపిందనుకుందాం. రెండు మూడు చోట్ల అదే తేడా వస్తే బీట్ మొత్తం అంత ఎక్కువలో ఉన్నట్టు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో బీట్‌ను 20 సెంట్లు దించవచ్చు. బీట్‌ను ముట్టుకోవడం ఇష్టం లేకపోతే ఆటోట్యూన్ ప్రమాణాన్ని 440 నుంచి 445 హెర్ట్జ్‌కు మార్చండి. రెండోదే నాకు ఇష్టం. ఆ ఇరవై సెంట్ల తేడాలో ఆ రికార్డు వాసన ఉంటుంది, దాన్ని కడిగేయడం ఎందుకు?

యాప్‌ను ఎప్పుడు అడగాలి

అన్నీ అయ్యాక అడగండి. ముందే అడిగితే చెవి దాని మాటకు లొంగిపోతుంది, నాకు ఎ మైనర్ విషయంలో జరిగినట్టే.

కీ చెప్పే సాఫ్ట్‌వేర్ సాధారణంగా ఏం చేస్తుందంటే, బీట్‌లో పన్నెండు స్వరాల్లో ఏది ఎంతసేపు, ఎంత గట్టిగా మోగిందో కూడుతుంది. ఆ లెక్కను పన్నెండు మేజర్, పన్నెండు మైనర్ నమూనాలతో పోల్చి దగ్గరగా ఉన్నదాన్ని చెబుతుంది. చాలావాటిలో ఈ ఇరవై నాలుగు జవాబులే ఉంటాయి. తోడి, ఖరహరప్రియ, వకుళాభరణం స్వరాల్లో ఉన్న బీట్‌ను ఇచ్చినా ఈ ఇరవై నాలుగింటిలోనే ఎక్కడో కూర్చోబెడుతుంది. తప్పులు కూడా గుడ్డిగా రావు. ఎక్కువగా మూడు రకాలు. పంచమాన్ని సా అనుకోవడం లేదా సాను పంచమం అనుకోవడం ఒకటి. అవే స్వరాలున్న మేజర్‌కు బదులు మైనర్, మైనర్‌కు బదులు మేజర్ చెప్పడం రెండోది. సా సరిగ్గా పట్టి గాంధారం తప్పడం మూడోది. ఇలాంటి సాఫ్ట్‌వేర్లను పోల్చే మైరెక్స్ పరీక్షలో కచ్చితమైన జవాబుకు ఒక మార్కు, పంచమం తేడా వస్తే అర మార్కు, రెండో రకం తప్పుకు 0.3, మూడో రకానికి 0.2 ఇస్తారు. మార్కులు పంచి ఇచ్చేంతగా ఆ తప్పులు మామూలన్నమాట.

కాబట్టి యాప్ చెప్పింది మీ జవాబుతో కలవకపోతే ముందు తేడా ఈ మూడింటిలో ఏదో చూడండి. మీరు ఇ మీద తోడి, అది ఎ మైనర్ అంటే స్వరాలు ఒకటే, సా వేరు. బేస్ ఎటు చెబితే అటు వెళ్లండి. మీరు ఇ, అది డి షార్ప్ అంటే బీట్ రెండు మెట్ల మధ్య ఉందేమో ట్యూనర్‌తో చూసుకోండి. రెండు మూడు యాప్‌లు వేర్వేరు జవాబులు ఇస్తే అన్నిటిలో ఉమ్మడిగా ఉన్న స్వరాలు రాసుకుని, మళ్లీ కూనిరాగం పరీక్షకు రండి.

దొరికిన కీతో ఏం చేయాలి

ఆటోట్యూన్‌ను అంటారెస్ సంస్థ 1997లో తెచ్చింది. మీరు అనుమతించిన స్వరాల్లో అన్నిటికంటే దగ్గరగా ఉన్నదానికి గొంతును లాగడమే దాని పని. అందుకే స్కేల్ తప్పు పెడితే అది నమ్మకంగా తప్పు వైపే లాగుతుంది. ఎ మీద కీరవాణి స్వరాలున్న బీట్ తీసుకోండి. నిషాదం జి షార్ప్. ఆటోట్యూన్‌లో మామూలు ఎ మైనర్ పెట్టారు, అందులో జి షార్ప్ లేదు. మీరు చక్కగా జి షార్ప్ పాడతారు. దానికి ఒక సెమీటోన్ కింద జి, ఒక సెమీటోన్ పైన ఎ, రెండూ సమాన దూరం. గొంతు వెంట్రుకవాసి అటు కదిలితే ఎ, ఇటు కదిలితే జి. ఆ స్వరం రెండింటి మధ్య గిలగిల కొట్టుకుంటుంది. వింటే వెంటనే గుర్తుపడతారు. పరిష్కారం సులువు, ప్లగిన్‌లోని చిన్న కీబోర్డు మీద మీరు కాగితంలో టిక్కు పెట్టిన స్వరాలనే వెలిగించండి. పేరున్న స్కేల్ ఎంచుకోవలసిన అవసరమే లేదు.

బీట్ శ్రుతి మీ గొంతుకు ఎత్తు అనిపిస్తే జరపవచ్చు, వేగం మారకుండా శ్రుతి మార్చే సదుపాయం చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంది. రెండు సెమీటోన్లు దాటవద్దని నా సలహా. మూడో శ్రుతి బీట్‌ను రెండు సెమీటోన్లు దించితే 808 ఇ నుంచి డికి, అంటే 41 నుంచి దాదాపు 37 హెర్ట్జ్‌కు దిగుతుంది, చిన్న స్పీకర్లలో బేస్ మరింత మాయమవుతుంది. పైకి జరిపితే డ్రమ్స్ రేకు డబ్బాల్లా మోగుతాయి. వీలైతే ప్రొడ్యూసర్‌నే అడిగి, డ్రమ్స్ కదలకుండా స్వరాలు మాత్రం జరిపించుకోండి. బీట్ మధ్యలో పూర్తిగా మారిపోయి రెండో లూప్ మొదలైతే దాన్ని కొత్త బీట్‌గానే భావించి, కూనిరాగం నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

పని అయ్యాక ఫైలు పేరు మార్చి పెట్టండి. నా ఎ మైనర్ బీట్ ఇప్పుడు నా కంప్యూటర్‌లో 'సా ఇ, మూడో శ్రుతి, తోడి స్వరాలు, 140' అన్న పేరుతో ఉంది. మిక్సింగ్ చేసే వారికి పంపేటప్పుడు ఆ పేరు పక్కన ఏడు స్వరాలూ రాస్తాను. 440కి తేడా ఉంటే ఎన్ని సెంట్లో కూడా రాస్తాను.